కర్మాగారంలో క్రొత్త దఫ్తరు

కళింగ దండయాత్ర కాలంలో, 1515వ సంవత్సరాంతాన, శ్రీకృష్ణదేవరాయలు అహోబిల క్షేత్రాన్ని దర్శించాడు. ఆనాడు స్వామికి సమర్పించిన కానుకలను దిగువ అహోబిలంలో శాసనంగా చెక్కించారు. ఎవరు ఇచ్చారు, ఏమి ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు అన్న మూడు ప్రశ్నలకు ఆ రాయి నేటికీ సమాధానం చెబుతున్నది. చెరిపి వ్రాయడానికి వీలులేని లెక్క అది.

తరువాతి కాలంలో లెక్కలు రాతి నుండి కాగితానికి దిగాయి. దఫ్తరు, రసీదు, హాజరు, తారీఖు, తనిఖీ, నకలు, రుజువు అనే మాటలు అరబ్బీ, పారసీ భాషల నుండి కచేరీల ద్వారా మన పల్లెలకు చేరాయి. మన కళాశాలలో ఉర్దూ చదివే విద్యార్థికీ, తెలుగు చదివే విద్యార్థికీ ఈ మాటలు సమానంగా సొంతమే. కాగితం వచ్చిన తరువాత లెక్క వ్రాయడం సులభమయింది. అయితే ఆలస్యంగా వ్రాయడం, దిద్ది వ్రాయడం, జరగనిదానిని వ్రాయడం కూడా అంతే సులభమయ్యాయి.

ఇప్పుడు కర్మాగారాలలో ఆ కాగితపు దఫ్తరు స్థానాన్ని ఒక క్రొత్త దఫ్తరు ఆక్రమిస్తున్నది. దానిని ఆంగ్లంలో మాన్యుఫాక్చరింగ్ ఎగ్జిక్యూషన్ సిస్టమ్ అంటారు, క్లుప్తంగా ఎం.ఇ.ఎస్. తెలుగులో ఉత్పత్తి నిర్వహణ వ్యవస్థ అనుకోవచ్చు. రేపు కర్మాగారాలలో ఉద్యోగాలకు వెళ్ళబోయే విద్యార్థులు దీనిని గురించి తెలుసుకోవడం అవసరమని భావించి ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

కాగితం చేసే పని

మొదట కాగితం చేస్తున్న పని ఏమిటో గమనిద్దాం. అందుకు మన ప్రాంతానికి చిరపరిచితమైన సిమెంటు పరిశ్రమనే ఉదాహరణగా తీసుకోవచ్చు. నల్లమల, ఎర్రమల కొండల పరిసరాలలోని సున్నపురాతి పొరలను భూగర్భ శాస్త్రజ్ఞులు కర్నూలు సముదాయంలో చేర్చి, నార్జి, కోయిలకుంట్ల వంటి మన ఊళ్ళ పేర్లతోనే పిలుస్తారు. వర్షం కరవైన ఈ నేల ఆ రాతి మూలంగానే బేతంచెర్ల, కొలిమిగుండ్ల, యర్రగుంట్ల, చిలంకూరు ప్రాంతాలకు సిమెంటు కర్మాగారాలను రప్పించుకున్నది. బేతంచెర్ల సమీపంలో ఒక ఊరికి సిమెంటు నగర్ అనే పేరే స్థిరపడిపోయింది.

సున్నపురాయిని తగిన పాళ్ళలో ఇతర పదార్థాలతో కలిపి పొడి చేసి, కిల్న్ అనే పెద్ద తిరుగుడు బట్టీలో సుమారు 1450 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కాలుస్తారు. దానివలన ఏర్పడే నల్లని గట్టి ఉండలకు క్లింకరని పేరు. క్లింకరును జిప్సముతో కలిపి మెత్తగా విసిరితే సిమెంటు అవుతుంది. ఈ దశలన్నిటిలోనూ ఎవరో ఒకరు గంటగంటకూ ఏదో ఒకటి వ్రాస్తూ ఉండాలి. గనిలో ఏ చోటు నుండి ఎన్ని లారీల రాయి వచ్చింది, బట్టీ వేడి ఎంత, ప్రయోగశాలలో సున్నం పాళ్ళు ఎంత తేలాయి, ఏ యంత్రం ఎంతసేపు ఆగింది, ఎందుకు ఆగింది అన్న వివరాలన్నీ వ్రాతలోకి ఎక్కాలి.

ఇంత వ్రాత ఎందుకు? సిమెంటు బలం వెంటనే తేలదు కాబట్టి. 53 గ్రేడు సిమెంటుతో చేసిన నమూనా దిమ్మ 28వ రోజున చదరపు మిల్లీమీటరుకు 53 న్యూటన్ల బరువు కన్న తక్కువకు పగలరాదని భారతీయ ప్రమాణాల నియమం. 28 రోజుల వరకు సరుకును గిడ్డంగిలో ఆపి ఉంచే కర్మాగారం ఉండదు. దిమ్మ ఫలితం వచ్చే నాటికి ఆ సిమెంటు ఎవరి ఇంటి స్లాబులోనో చేరిపోయి ఉంటుంది. ఆ రోజున బలం తగ్గిందని తేలితే, ఏ గంటలో కాల్చిన క్లింకరు, ఏ గని రాయి, అప్పుడు బట్టీ వేడి ఎంత అన్న ప్రశ్నలు పుడతాయి. వాటికి సమాధానం చెప్పగలిగినది ఆనాటి వ్రాత ఒక్కటే. మీ ఇంటి వద్ద సిమెంటు బస్తా ఉంటే దాని ప్రక్కన ముద్రించిన వారం సంఖ్యను, సంవత్సరాన్ని చూడండి. ఆ చిన్న ముద్ర వెనుక కర్మాగారపు దఫ్తరు మొత్తం నిలిచి ఉన్నది.

కాగితం ఓడిపోయే చోటు

ఇంతటి బాధ్యత గల దఫ్తరు చాలాచోట్ల ఏ విధంగా నిండుతుందో షిఫ్టులలో పనిచేసిన వారికి తెలియనిది కాదు. షిఫ్టు ముగియడానికి అరగంట ముందు ఎనిమిది గంటల అంకెలు ఒకే కలంతో, ఒకే చేతివ్రాతతో వరుసగా నిండిపోతాయి. అంకెలన్నీ ముచ్చటగా, ఒకదానికొకటి చేరువగా ఉంటాయి. నిజమైన యంత్రం అంత ముచ్చటగా ఎన్నడూ నడవదు.

దీనికి కార్మికుని నిందించడం తగదు. కన్వేయరు పట్టీ జారిపోతున్నప్పుడు రెండు చేతులూ దానిమీద ఉండాలా, కలం మీద ఉండాలా? యంత్రాన్ని కాపాడినవాని లాగ్‌బుక్ ఖాళీగా ఉంటుంది. లాగ్‌బుక్ నింపుతూ కూర్చున్నవాని యంత్రం ఆగిపోతుంది. కనుక పని ముందు, వ్రాత తరువాత అన్నది సహజంగానే అలవాటవుతుంది. ఆ పైన సూపర్‌వైజరు ఆ అంకెలను రిజిస్టరులోకి ఎక్కిస్తాడు. గుమాస్తా వాటిని కంప్యూటరులో కొడతాడు. మరునాడు పదిగంటలకు మేనేజరు ముందుకు వచ్చే నివేదిక నకలుకు నకలు అవుతుంది. నిన్న రాత్రి రెండు గంటలకు సరిదిద్దవలసిన లోపం ఈనాడు పదిగంటలకు తెలుస్తుంది.

పనికీ దాని వ్రాతకూ నడుమ ఏర్పడే ఈ వ్యవధిలోనే మరపు, పొరపాటు, అప్పుడప్పుడు అసత్యం చోటుచేసుకుంటాయి. ఎం.ఇ.ఎస్. ఉద్దేశమంతా ఒక్కమాటలో చెప్పాలంటే ఆ వ్యవధిని తొలగించడమే.

క్రొత్త దఫ్తరు స్వరూపం

పెండ్లి విందును గాని, వలీమా దావతును గాని మనసుకు తెచ్చుకోండి. ఇంటి యజమాని చేతిలో అతిథుల జాబితా, సరుకుల ఖర్చు ఉంటాయి. పొయ్యి దగ్గర వంటవాడు మంటను పెంచుతూ, తగ్గిస్తూ ఉంటాడు. ఈ ఇద్దరి మధ్య తిరుగుతూ, ఎన్ని బంతులు లేచాయి, ఏ గిన్నె అడుగంటబోతున్నది, ఇంకెంతమంది కూర్చోవలసి ఉన్నది అన్నది క్షణక్షణం తెలిసిన పెద్దమనిషి ఒకడు ఉంటాడు. అతడు లేని విందులో అన్నం మిగిలిపోయి కూర చాలకపోతుంది.

కర్మాగారంలోనూ అంతే. కొనుగోళ్ళు, అమ్మకాలు, జీతాలు, లెక్కలు చూసే కంప్యూటరు వ్యవస్థను ఇ.ఆర్.పి. అంటారు. అది ఇంటి యజమాని. యంత్రాన్ని నడిపించే పి.ఎల్.సి. వంటి నియంత్రణ పరికరాలు వంటవాని వంటివి. మొదటిది రోజులు, నెలల లెక్కలో ఆలోచిస్తుంది. రెండవది సెకండ్ల లెక్కలో పనిచేస్తుంది. ఆ రెంటి నడుమ గంటలనూ నిమిషాలనూ కనిపెట్టి ఉండే పెద్దమనిషి ఎం.ఇ.ఎస్. చాలాకాలం ఆ పనిని కాగితమూ, ఫోర్‌మన్ జ్ఞాపకశక్తీ కలిసి చేశాయి.

ఈ పేరు 1990ల ఆరంభంలో అమెరికాలో వాడుకలోకి వచ్చింది. ఈ రంగంలోని సంస్థలు కలిసి మెసా అనే సంఘంగా ఏర్పడి, 1997లో ఇటువంటి వ్యవస్థ చేయవలసిన పనులను పదకొండుగా లెక్కించాయి. ఏ యంత్రానికి ఏ పని అప్పగించాలి, ఏ వరుసలో చేయాలి, పనివానికి ఏ సూచనాపత్రం చూపాలి, నాణ్యత ఎలా ఉన్నది, మరమ్మతు ఎప్పుడు, ఏ వస్తువులో ఏ సరుకు చేరింది అన్నవి వాటిలో ముఖ్యమైనవి. 2000వ సంవత్సరంలో ఐ.ఎస్.ఎ.–95 అనే ప్రమాణపు మొదటి భాగం వెలువడింది. కార్యాలయపు కంప్యూటరుకూ యంత్రశాలకూ మధ్య సమాచారం ఏ రూపంలో సాగాలో అది నిర్దేశించింది.

ఆచరణలో ఇది ఎలా ఉంటుంది? పనివాడు తన గుర్తింపు కార్డును యంత్రం దగ్గర ఉన్న తెరకు చూపుతాడు. ఆ యంత్రం మీద శిక్షణ పొందినవాడో కాదో వ్యవస్థ సరిచూస్తుంది. అప్పుడు చేయవలసిన పని తెరమీద కనిపిస్తుంది. ముడిసరుకు డబ్బామీది బార్‌కోడును చదివించగానే అది సరైన సరుకా, గడువు మీరినదా అన్నది అక్కడే తేలుతుంది. సరిపోకపోతే తరువాతి మెట్టుకు అనుమతి దొరకదు. ఎన్ని వస్తువులు తయారయ్యాయో యంత్రమే లెక్క చెబుతుంది. యంత్రం ఆగితే ఆగిన క్షణం దానంతట అదే నమోదవుతుంది. ఎందుకు ఆగిందన్న కారణం మాత్రం పనివాడే చెప్పాలి. అది యంత్రానికి తెలియదు.

ఒక చిన్న లెక్క

దీనివలన కలిగే ప్రయోజనాన్ని ఒక ఊహాజనితమైన లెక్కతో చూద్దాం. 480 నిమిషాల షిఫ్టులో విశ్రాంతికి 30 నిమిషాలు పోగా 450 నిమిషాలు పనికాలం. నిమిషానికి ఒక వస్తువు చేయగల యంత్రం అది. రెండేసి నిమిషాల చొప్పున 25 సార్లు ఆగింది. అంటే 50 నిమిషాలు పోయి 400 మిగిలాయి. ఆ 400 నిమిషాలలో, కొంత నెమ్మదిగా నడిచినందున, 320 వస్తువులు తయారయ్యాయి. వాటిలో 16 పనికిరాక పోగా మంచివి 304. జరగదగిన 450లో జరిగినది 304. అంటే నూటికి సుమారు 67.6 వంతులు. పరిశ్రమలలో దీనిని ఓ.ఇ.ఇ. అంటారు.

కాగితపు దఫ్తరులో ఈ షిఫ్టు ఏమని నమోదవుతుంది? రెండు నిమిషాల ఆగుడును ఎవరూ వ్రాయరు. వ్రాసే లోపలే యంత్రం తిరిగి నడుస్తుంది. కనుక రిజిస్టరులో «యంత్రం సక్రమంగా నడిచినది» అని ఉంటుంది. పోయిన 50 నిమిషాలకు కారణం దొరకక, పనివాడు సోమరియని నింద పడుతుంది. క్షణక్షణం నమోదు చేసే వ్యవస్థలో 25 ఆగుళ్ళూ కనిపిస్తాయి. వాటిలో 20 ఒకే గైడు పట్టీ దగ్గర జరిగాయని తేలితే, మార్చవలసినది పట్టీయే గాని మనిషి కాదని రుజువవుతుంది. సత్యమైన లెక్క పనివానికి శత్రువు కాదు, చాలాసార్లు అతని పక్షాన నిలిచే సాక్షి.

తెలుగునాట ఈ మార్పు

రాయలసీమలోనే దీని అవసరాన్ని కళ్ళకు కట్టే ఉదాహరణ ఒకటి ఉన్నది. పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి ప్రారంభించింది. అప్పుడది అనంతపురం జిల్లా. 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లా. దాని సామర్థ్యాన్ని సంవత్సరానికి మూడు లక్షల కార్లుగా నిర్ణయించారు. సంవత్సరానికి 300 పనిదినాలని మనం అనుకుంటే రోజుకు వెయ్యి కార్లు. రెండు షిఫ్టుల పదహారు గంటలలో దాదాపు నిమిషానికి ఒకటి. అటువంటి వరుసలో రంగు, ఇంజను, సీట్లు వేరువేరుగా ఉన్న కార్లు ఒకదాని వెనుక ఒకటి వస్తూ ఉంటాయి. ప్రతి కారుకూ పదిహేడు అక్షరాలు, అంకెలు గల ప్రత్యేక గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఏ సంఖ్య గల కారుకు ఏ భాగం అమర్చారన్నది ఆ క్షణంలోనే నమోదు కాకపోతే, రేపు ఒక భాగంలో లోపం బయటపడినప్పుడు వందల కార్లను పిలిపించవలసిన చోట లక్షల కార్లను పిలిపించవలసి వస్తుంది. ఈ వేగంతో కాగితం పోటీపడలేదు.

ఔషధ పరిశ్రమలో విషయం ఇంకా గంభీరమైనది. అక్కడ లోపం వలన పాడయ్యేది వస్తువు కాదు, రోగి ఆరోగ్యం. ప్రతి మందు బ్యాచికీ మొదటి తూకం నుండి చివరి సీలు వరకు ఒక గ్రంథమంత బ్యాచి రికార్డు తయారు కావాలి. అందులోని ప్రతి వ్రాతా ఎవరిదో తెలియాలి, చదవడానికి వీలుగా ఉండాలి, పని జరుగుతున్నప్పుడే వ్రాసి ఉండాలి, మొదటి ప్రతి అయి ఉండాలి, యథార్థమై ఉండాలి అని తనిఖీ అధికారులు కోరుతారు. కంప్యూటరులోని రికార్డును, సంతకాన్ని ఎప్పుడు నమ్మవచ్చునో చెప్పే నిబంధనలను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1997లో ప్రకటించింది. మన దేశంలో 2023 డిసెంబరు చివర సవరించిన షెడ్యూల్ ఎం నియమాలు కంప్యూటరు వ్యవస్థల విషయాన్ని కూడా చేర్చుకున్నాయి. హైదరాబాదు సమీపంలోని బాచుపల్లిలో ఉన్న డాక్టర్ రెడ్డీస్ కర్మాగారాన్ని 2022లో ప్రపంచ ఆర్థిక వేదిక తన మార్గదర్శక కర్మాగారాల జాబితాలో చేర్చింది. పాతికేళ్ళనాటి ఆ కర్మాగారంలో నలభైకి పైగా డిజిటల్ పద్ధతులను ప్రవేశపెట్టి, తయారీ ఖర్చును నూటికి 43 వంతులు, ఇంధన వినియోగాన్ని 41 వంతులు మెరుగుపరచుకున్నారని ఆ సంస్థ ప్రకటించింది. క్రొత్త కర్మాగారమే కావాలన్న నియమం లేదని దీనివలన తెలుస్తున్నది.

జాగ్రత్త పడవలసిన విషయాలు

ఇంతవరకు చెప్పిన దానినిబట్టి కంప్యూటరు పెడితే సత్యం దానంతట అదే వస్తుందని అనుకోరాదు. తప్పుగా అమర్చిన తూకపు యంత్రం తప్పునే వేగంగా, అందంగా నమోదు చేస్తుంది. ఒకరి కార్డుతో మరొకరు పనిచేస్తే, ఎవరు చేశారన్న ప్రశ్నకు వ్యవస్థ నిశ్చింతగా అబద్ధం చెబుతుంది. యంత్రం ఆగిన కారణాల జాబితాలో చివర «ఇతరములు» అన్న మాట ఉంటే, అలసిన పనివాడు ప్రతిసారీ దానినే నొక్కుతాడు. పాత లాగ్‌బుక్‌లోని అలవాటు క్రొత్త తెరమీదికి నడిచివస్తుందన్న మాట.

దిద్దుబాటు విషయం మరొకటి. మంచి కాగితపు దఫ్తరులో తప్పును ఒక గీతతో కొట్టివేసి, ప్రక్కన సరియైనది వ్రాసి, సంతకమూ తారీఖూ వేసేవారు. క్రింది వ్రాత కనబడుతూనే ఉండేది. కంప్యూటరులో ఒక అంకెను చెరిపితే జాడ మిగలదు. అందుచేతనే ఎవరు, ఎప్పుడు, దేనిని, ఎందుకు మార్చారో దాచి ఉంచే ఆడిట్ ట్రెయిల్ అనే ఏర్పాటు తప్పనిసరి. అది లేని క్రొత్త దఫ్తరు కన్న సిరామరకల పాత లాగ్‌బుక్కే నమ్మదగినది. కరెంటు పోయినా, నెట్‌వర్కు తెగినా వివరాలు యంత్రం దగ్గరే నిలిచి, తరువాత చేరే ఏర్పాటు కూడా ఉండాలి.

అన్నిటికంటె ముఖ్యమైనది మనిషి విషయం. క్షణక్షణం యంత్రాన్ని గమనించే కన్ను మనిషిని కూడా గమనిస్తుంది. నీళ్ళు త్రాగడానికి వెళ్ళిన నాలుగు నిమిషాలను లెక్కించి జీతం కోయడానికి దీనిని వాడితే, కార్మికులు దానిని మోసం చేసే మార్గాలు వెదుకుతారు. అప్పుడు లెక్కలు తిరిగి ముచ్చటగా మారిపోతాయి. ఏమేమి నమోదవుతున్నది, ఎవరు చూస్తారు, దేనికి వాడతారు అన్నది ముందుగా కార్మికులకు వారి భాషలో చెప్పి, ఆ తెరను వారికి కూడా చూపినచోట మాత్రమే ఈ వ్యవస్థ నిలుస్తుంది. తెరమీది మాటలు ఆంగ్లంలోనే ఉండవలసిన అవసరం లేదు. తెలుగులోనో, ఉర్దూలోనో చదివి పనిచేయగలవానిని ఆంగ్లం రాదన్న కారణంతో వెనుకకు నెట్టడం అన్యాయమే కాదు, అవివేకం కూడా.

విద్యార్థులకు ఒక మాట

రిజిస్టర్లు నింపే ఉద్యోగాలు తగ్గుతాయన్నది దాచవలసిన విషయం కాదు. మన ప్రాంతపు పట్టభద్రులలో ఎందరో ఆ కుర్చీలలోనే జీవితం ప్రారంభించారు. ఆ కుర్చీ పోయినచోట మరొకటి వస్తున్నది. అంకెలను ఎక్కించేవాడు కాక, అంకెలను చదివి ప్రశ్నించేవాడు కావాలి. గణాంక శాస్త్రం చదివినవారికి, రసాయన శాస్త్రం చదివినవారికి, యంత్రం ఎందుకు ఆగిందో పనివానిని మర్యాదగా అడిగి తెలుసుకోగలవారికి అందులో చోటు ఉన్నది. సాఫ్ట్‌వేరు నేర్చుకోవడానికి కొన్ని నెలలు చాలు. చూచినది చూచినట్లు, జరిగిన వేళకే వ్రాసే అలవాటు కొన్ని నెలలలో రాదు. దానిని మన ప్రయోగశాల రికార్డులోనే ప్రారంభించవచ్చు. ఫలితం ముందు తెలుసుకుని దానికి తగిన అంకెలు వెనుక నుండి వ్రాసే అలవాటు మనలో ఎందరికి లేదో ఎవరికి వారే ఆలోచించుకోవాలి.

కళాశాల పాలకవర్గం వారికి కూడా ఒక మనవి. విద్యార్థులను సంవత్సరానికి ఒకసారి సమీపంలోని కర్మాగారానికి తీసుకొనిపోయి, యంత్రాలతో పాటు అక్కడి లాగ్‌బుక్‌ను, కంట్రోలు గదిలోని తెరను కూడా చూపించే ఏర్పాటు చేస్తే, ఈ వ్యాసంకన్న వేయిరెట్లు ప్రయోజనం కలుగుతుంది.

ప్రతి చిన్న పరిశ్రమా రేపే లక్షలు పోసి ఈ వ్యవస్థను కొనాలని నా అభిప్రాయం కాదు. ఆళ్ళగడ్డలో విగ్రహం చెక్కే శిల్పికి దాని అవసరం లేదు. అతని పని అతని కంటి ఎదుటే ఉన్నది. బేతంచెర్లలో బండలు నునుపు చేసే చిన్న కర్మశాల ఒక్క యంత్రంతో, ఒక్క గడియారంతో, ఆగిన ప్రతిసారీ కారణం వ్రాసే ఒక్క పలకతో ప్రారంభించవచ్చు. అహోబిలపు శాసనం చెక్కినవానికి విద్యుత్తు లేదు, తెర లేదు. ఎవరు, ఏమి, ఎప్పుడు అన్నది మాత్రం అతడు వదలిపెట్టలేదు. ఆ మూడు ప్రశ్నలకు సమాధానం ఉంటే రాతిమీది లెక్క అయినా, తెరమీది లెక్క అయినా చెల్లుతుంది.